నూట ఇరవై ఏడు అభిప్రాయాలు

నగరపాలక కార్యాలయం మూడో అంతస్తులో, మెట్లెక్కగానే ఎదురయ్యే గది పార్కుల విభాగానిది. ఆ గదిలో కిటికీ పక్క బల్ల ముత్యాలక్కది. ముత్యాలక్క అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో ఆమె రాసిన నోటు చూసి పెద్ద గుమాస్తా ఒకాయన, "ముత్యాలు పేర్చినట్టుందమ్మా నీ రాత!" అన్నాడు. అంతే, అసలు పేరు జీతాల రిజిస్టర్లో మిగిలిపోయి ఆమె అందరికీ ముత్యాలక్క అయిపోయింది. ఆ తర్వాత ఇరవై రెండేళ్లలో ఆఫీసుకి కంప్యూటర్లు వచ్చాయి, పెద్ద గుమాస్తాలు ముగ్గురు మారారు, కిటికీకి దోమల తెర కూడా వచ్చింది. అయినా గేటుకి నోటీసు రాయాలన్నా, బదిలీ మీద వెళ్లేవాళ్లకి సన్మానపత్రం రాయాలన్నా ఆమెకే కబురొచ్చేది.

ఆమెకు ఇంకో విద్య కూడా ఉంది. ఎవరి రాతనైనా ఒక్కసారి చూస్తే చాలు, అచ్చు గుద్దినట్టు దించేస్తుంది. చిన్నప్పుడు అన్నయ్య ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న సంతకం పెట్టేది. నాన్నే ఒకసారి ఆ కార్డు చూసి, "ఇది నేనెప్పుడు పెట్టానబ్బా?" అని బుర్ర గోక్కున్నాడు. పదేళ్ల వయసులో గోడ దూకబోయి కుడి చెయ్యి విరగ్గొట్టుకుని, మూడు నెలలు ఎడం చేత్తో రాసి పరీక్షలు గట్టెక్కింది. ఆ అలవాటు అలాగే ఉండిపోయింది. ఇవన్నీ ఇంట్లో నవ్వుకోవడానికి చెప్పుకునే ముచ్చట్లు.

ఇంట్లో ముగ్గురే. భర్త కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. భుజాన తోలు సంచి, అందులో నూనె డబ్బా, స్క్రూడ్రైవర్లు వేసుకుని వీధి వీధి తిరిగే మనిషి. ఏ ఇంటికి వెళ్లినా మిషన్‌తో పాటు ఆ ఇంటి కబుర్లు కూడా విప్పి చూసి, సాయంత్రం తెచ్చి భోజనాల దగ్గర పోస్తాడు. మూడో మనిషి అత్తగారు. డెబ్బై ఆరేళ్లు. కళ్లు మసకబారాయి గానీ నోరు మసకబారలేదు.

ఆ ఏడాది పెద్ద పార్కు బాగుచెయ్యాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఇంజనీర్లు రెండు ప్లాన్లు గీశారు. మొదటి ప్లానులో నడిమధ్యన ఫౌంటెన్, చుట్టూ గుండ్రంగా నడక దారి. ఆ దారికి చోటు కావాలి కాబట్టి ఉత్తరం గేటు మూసేసి, దాని పక్కన నడుముకి కాస్త తక్కువ ఎత్తున్న రాతి పిట్టగోడ తీసేస్తారు. రెండో ప్లానులో కొత్తవేమీ లేవు. ఉన్న బెంచీలు, కొళాయిలు, దీపాలు, మరుగుదొడ్లు బాగుచేస్తారు, గేట్లన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. రెండింట్లో ఏది కావాలో చుట్టుపక్కల జనాన్నే అడగాలని రూలు. దానికో ఫారం అచ్చువేయించారు. పేరు రాయక్కర్లేదు. ఏ వీధివాళ్లో రాసి, ఏ ప్లాను కావాలో టిక్కు పెట్టి, కింద రెండు గీతల మీద చెప్పదలచుకున్నది చెప్పొచ్చు.

ఆఫీసరుగారు ఆ ఫారాల కట్ట ముత్యాలక్క చేతిలో పెట్టారు. "మూడొందలు కావాలమ్మా. ఒక్కటి తగ్గినా ఫైలు పైకి కదలదు. నెలాఖరు సోమవారం నా బల్ల మీద ఉండాలి."

"ఒక్కదాన్నేనా సార్?"

"నీ మొహం చూస్తే ఎవరైనా తలుపు తీస్తారు. మావి చూస్తే పన్నులవాళ్లనుకుని గడియ పెట్టుకుంటారు."

మొదటి వారం హుషారుగా తిరిగింది. జనం రకరకాలుగా ఉన్నారు. ఒకావిడ ఫారం చూడకుండానే, "మీకేది మంచిదనిపిస్తే అది పెట్టుకోండమ్మా, మాకేం తెలుసు" అంది. ఒకాయన తలుపు సందులోంచే, "మా అభిప్రాయం మా ఇంట్లోనే చెల్లదు, పార్కులో చెల్లుతుందా?" అన్నాడు. కొందరు కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, గంటసేపు పార్కు గురించి తప్ప మిగతావన్నీ చెప్పారు. రెండో వారానికి మోకాళ్లు పట్టేశాయి. మూడో వారం ఎండ నిప్పులు చెరిగింది.

పార్కుకి ఉత్తరం పక్క ఒక సందు ఉంది. ఏటవాలుగా నలభై మెట్లెక్కితే గానీ ఇళ్లు రావు. ఒక మధ్యాహ్నం ఆమె ఆ మెట్ల కింద నిలబడి పైకి చూసింది. రాళ్లు పెనంలా కాలుతున్నాయి. పైన మనిషి అలికిడి లేదు. "రేపొద్దున చల్లగా ఉన్నప్పుడు వద్దాంలే" అనుకుని వెనక్కి తిరిగింది. ఆ రేపు రాలేదు. తన దగ్గరున్న వీధుల జాబితాలో ఆ సందు పక్కన "తాళాలు వేసి ఉన్నాయి" అని రాసుకుంది.

గడువుకి ముందు ఆదివారం లెక్క చూసుకుంటే నూట డెబ్బై మూడు ఫారాలున్నాయి. మొదటి ప్లానుకి ఎనభై ఎనిమిది, రెండోదానికి ఎనభై ఐదు. ఇంకా నూట ఇరవై ఏడు కావాలి.

భోజనాలయ్యాక బల్ల తుడిచి, ఖాళీ ఫారాలు ముందేసుకుని కూర్చుంది. ఓ పది రాద్దామని మొదలుపెట్టింది. నాలుగు రంగుల పెన్నులు తీసింది. ఒకటి గుండ్రంగా రాసింది, ఒకటి పొడుగ్గా రాసింది, ఒకటి బడిలో రెండు తరగతులు చదివినవాళ్లలా వంకరటింకరగా రాసింది. రాస్తున్నకొద్దీ చెయ్యి తేలిక పడింది. నిజం చెప్పాలంటే ఆమెకు సరదా వేసింది. ఒక ఫారంలో నడుం నొప్పి ఉన్న టీచరమ్మ అయింది, ఇంకోదాంట్లో ఇద్దరు పిల్లల తండ్రి అయింది. ఆమెకు ఫౌంటెన్ అంటే చిన్నప్పటినుంచీ ఇష్టం. టిక్కు ఆ వైపుకే ఎక్కువ పడింది. అన్నీ ఒకవైపే ఉంటే అనుమానం వస్తుందని కొన్ని ఇటు కూడా పెట్టింది. డెబ్బై తొమ్మిది మొదటి ప్లానుకి, నలభై ఎనిమిది రెండోదానికి.

ఉత్తరం సందునుంచి ఒక్కటీ లేకపోతే బాగుండదని పదకొండు ఫారాలు ఆ సందు పేరు మీద రాసింది. వాటిలో ఒకటి ఎడం చేత్తో రాసింది. అక్షరాలు ఎడమకి వాలి పడ్డాయి. కింద గీతల మీద ఏం రాయాలా అని కాస్త ఆలోచించి, పత్రికల్లో ఎప్పుడూ కనిపించే మాటే రాసింది. "ఉత్తరం గేటు దగ్గర పొద్దస్తమానం పనిలేనివాళ్లు చేరి వచ్చేపోయే ఆడపిల్లల్ని చూస్తుంటారు. ఆ గేటు మూసేస్తే మా సందుకి పీడ వదులుతుంది."

"సెలవు రోజున కూడా ఏం రాస్తున్నావే?" అంది అత్తగారు మంచం మీదనుంచి.

"ఆఫీసు పనత్తయ్యా."

"ఇందాకట్నుంచి నీలో నువ్వే నవ్వుకుంటున్నావు. అంత నవ్వొచ్చే ఆఫీసు పని నేనెక్కడా చూళ్లేదమ్మా."

సోమవారం మూడొందల ఫారాలూ ఆఫీసరుగారి బల్ల మీద ఉన్నాయి. "శభాష్" అన్నారాయన, ఒక్కటీ తిప్పి చూడకుండా.

తర్వాతి నెలలో బహిరంగ సభ పెట్టారు. నోటీసులు పార్కు పెద్ద గేటు దగ్గర అంటించారు. ఉత్తరం గేటునుంచి వచ్చేవాళ్లకి ఆ నోటీసు కనబడే వీలే లేదని అప్పుడెవరికీ తట్టలేదు. సభకి వచ్చిన నలభై మందిలో ఆ సందువాళ్లు ఒక్కరూ లేరు. ఇంజనీరుగారు లేచి, మెజారిటీ మొదటి ప్లానుకే ఉందని చెప్పారు. వెనక వరసలోంచి ఒక ముసలాయన, "గేటెందుకండీ మూయడం? పాపం, అటువాళ్లు ఎటు రావాలి?" అని అడిగాడు. ఇంజనీరుగారు ఫైలు తెరిచి ఒక ఫారం తీసి, "ఇది మేం అంటున్న మాట కాదండీ, ఆ సందువాళ్లే రాశారు" అంటూ మైకులో గట్టిగా చదివారు. పనిలేనివాళ్లు, ఆడపిల్లలు, పీడ, అన్నీ చదివారు. జనం "అయ్యో, అలాగా" అన్నట్టు తలలూపారు. ముసలాయన కూర్చున్నాడు.

కుర్చీలు సర్దడానికి వచ్చిన ముత్యాలక్క గోడ పక్కన నిలబడి ఆ మాటలు వింది. తను రాసినవాటిలో వందకి పైగా ఎవరికీ గుర్తుండవు, ఇదొక్కటే ఎందుకు తీశారు? అప్పుడే చెయ్యెత్తి ఉంటే సరిపోయేది. ఎత్తలేదు. "అయినా మెజారిటీ ఎలాగూ ఉంది కదా, ఎనభై ఎనిమిదికి ఎనభై ఐదు" అని తనకి తనే సర్దిచెప్పుకుంది. ఆ మూడు ఫారాల తేడానే పట్టుకుని ఏడాది బతికింది.

పార్కు తయారైంది. అందంగానే తయారైంది. ఉత్తరం గేటుండేచోట ఇనప రేకు కొట్టి, "ప్రజాభిప్రాయం మేరకు మూసివేయబడినది" అని బోర్డు పెట్టారు. ఆ బోర్డు మీద అక్షరాలు కూడా ముత్యాలక్కవే.

ఒక సాయంత్రం భర్త అన్నం కలుపుకుంటూ కబుర్లు మొదలుపెట్టాడు.

"ఇవాళ ఉత్తరం సందుకెళ్లాను. అక్కడొక టైలరమ్మ ఉందిలే, మిషన్ దారం తెంపేస్తోందంటే. మిషనేం చెడిపోలేదు. ఆవిడ మనసే బాలేదు, కాలు ఆగి ఆగి తొక్కుతోంది."

"ఏమైందట?" అంది అత్తగారు. కబురు వాసన వస్తే ఆవిడ ఆగలేదు.

"వాళ్లాయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. మూడేళ్ల కిందట పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. వాళ్ల ఎదురింట్లో ఒక కాంపౌండరున్నాడు, ఇద్దరూ ముప్పై ఏళ్ల స్నేహితులు. ఈ కాంపౌండరే పట్టుబట్టి రోజూ ఆయన్ని మెట్లు దింపి, పార్కు గేటు పక్క పిట్టగోడ పట్టించి నడిపించేవాడట. గోడ చివరిదాకా అరవై అడుగులు. మొదట్లో నాలుగడుగులకే కూలబడ్డ మనిషి, ఏడాదిన్నరకి అరవై అడుగులూ వేశాడట. అలిసిపోతే ఇద్దరూ ఆ గోడ మీదే కూర్చుని చదరంగం ఆడుకునేవాళ్లట."

ముత్యాలక్క చేతిలో ముద్ద నోటిదాకా వెళ్లలేదు.

"తర్వాత?"

"తర్వాతేముంది, గేటు మూసేశారు, గోడ తీసేశారు. సందువాళ్లు ఆఫీసుకెళ్లి అడిగితే మీవాళ్లే రాశారని ఒక కాగితం చూపించారట. అందులో రాత ఎడమకి వాలి ఉందట. ఆ కాంపౌండరుది ఎడం చెయ్యి. అతను రాసే మందుల చీటీలు అచ్చం అలాగే ఉంటాయట! ఇంకేముంది, అతనే రాశాడని తేల్చేశారు. అతనికి మనవరాళ్లున్నారు, కాలేజీకెళ్తారు. వాళ్ల కోసం రాసి ఉంటాడని. టైలరమ్మ అంటోంది, 'అక్కడ కూర్చునేది మా ఆయనా, ఆ కాంపౌండరే కదా. పక్షవాతం మనిషి ఆడపిల్లల్ని చూస్తున్నాడని ముప్పై ఏళ్ల స్నేహితుడు రాశాడండీ' అని. ఏడాదిగా మాటల్లేవు. డ్రైవరు మంచం దిగట్లేదు. ఏమే, కూర వేసుకోవేం?"

"ఆకలిగా లేదండీ" అని చెయ్యి కడుక్కుంది.

మర్నాడు ఆఫీసులో ఆ ఫైలు తీసి చూసింది. తన ఎడం చేతి రాత తననే చూస్తున్నట్టుంది. రెండు రోజులు ఆగి, మోకాళ్ల నొప్పి వంక పెట్టుకుని ఆ సందు మెట్లెక్కింది. నలభై మెట్లు. ఎక్కితే ఎక్కగలిగేవే. కాంపౌండరు ఇంటి ముందు గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, గాజు తలుపుల బీరువా ఉన్నాయి. ఒక్క రోగీ లేడు. సన్నగా, శుభ్రంగా ఉన్న మనిషి. మోకాలు నొక్కి చూసి, ఎడం చేత్తో చీటీ రాసిచ్చాడు. అక్షరాలు గాలికి ఒరిగిన గడ్డిలా ఎడమకి వాలి ఉన్నాయి.

"ఈ సందువాళ్లు కాదు కదా తల్లీ మీరు?" అన్నాడు.

"కాదండీ."

"అందుకే వచ్చారు" అని నవ్వాడు. "ఇక్కడివాళ్లకి నా రాత చూస్తే ఒళ్లు మంట."

ఎందుకని అడగాలి. అడిగితే ఆయన చెబుతాడు, చెబితే తను చెప్పాలి. ముత్యాలక్క చీటీ మడిచి సంచిలో పెట్టుకుని, "వస్తానండీ" అంది. బయటికి వస్తుంటే ఎదురింటి కిటికీలోంచి మంచం మీద ఒక పెద్ద శరీరం కనిపించింది. మొహం గోడ వైపు ఉంది. కుట్టుమిషన్ ఆగి ఆగి నడుస్తోంది. మెట్లు దిగుతూ తనని తాను నోటికొచ్చినట్టు తిట్టుకుంది.

ఆఫీసరుగారికి చెబుదామని ధైర్యం చేసింది. తలుపు దగ్గరగా వేసి, జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఇంకెవరికైనా తెలుసా?"

"తెలీదు సార్."

"తెలియనివ్వకు. ఫౌంటెన్ కట్టేశాం, రిబ్బను కత్తిరించేశాం. అయిపోయిన పెళ్లికి ఇప్పుడు బాజాలెందుకు? నీకు ఇంకా తొమ్మిదేళ్ల సర్వీసుంది, నాకు రెండేళ్లే ఉంది. నన్ను ప్రశాంతంగా ఇంటికెళ్లనివ్వమ్మా." గొంతు తగ్గించి, "మూడు వారాల్లో మూడొందలు ఎవరూ తేలేరని నాకు తెలియదనుకున్నావా?" అన్నారు.

ఆ మాటతో పాపంలో సగం ఆయన నెత్తినేసుకున్నట్టే. కానీ ముత్యాలక్కకి రవ్వంత బరువు కూడా తగ్గలేదు. తెలిసీ తిప్పి చూడని మనిషి ఆయన. పెన్ను పట్టుకున్నది తను.

ఇంట్లో కూర మాడింది. పాలు పొంగిపోయాయి. గడపకి కాలు తగిలి రెండుసార్లు పడబోయింది. వారం రోజులు చూసి చూసి ఒక మధ్యాహ్నం అత్తగారు పిలిచింది.

"ఇలా కూర్చో. తేలు కుట్టిన దొంగలా తిరుగుతున్నావు. ఏం చేశావో చెప్పు."

ముత్యాలక్క మంచం పట్టె మీద కూర్చుని మొదటినుంచీ చెప్పింది. ఆ ఆదివారం నవ్వుకుంటూ రాసినది కూడా దాచలేదు. అత్తగారు ఓదార్చలేదు, తిట్టలేదు. అంతా విని, "అయితే ఆ కాంపౌండరు ఏడాదిగా నీ బదులు మాట పడుతున్నాడన్నమాట" అంది.

"అవునత్తయ్యా."

"మీ ఆఫీసరుకి చెప్పావు సరే. ఆయనేం పోగొట్టుకున్నాడని ఆయనకి చెప్పావు? పోగొట్టుకున్నవాళ్లకి చెప్పాలి గానీ."

"ఉద్యోగం పోతుందేమో."

"పోవచ్చు" అంది అత్తగారు. "పోతే ఏం చేస్తామో తర్వాత ఏడుద్దాం. ముందు వెళ్లిరా. మావాడితో నేను చెబుతాలే."

తర్వాతి ఆదివారం పొద్దున్నే వెళ్లింది. ముందు కాంపౌండరు తలుపు తట్టి, "బాబాయ్ గారూ, ఒక్కసారి నాతో ఎదురింటికి రండి, ఒక మాట చెప్పాలి" అంది. ఆ ఇంటి పేరు వినగానే ఆయన మొహం వాడిపోయింది. "ఆ గడప నేను తొక్కకూడదమ్మా" అన్నాడు. చివరికి వీధిలో, టైలరమ్మ అరుగు కిందే నిలబడ్డాడు. లోపలినుంచి టైలరమ్మ మెడలో టేపుతో బయటికొచ్చింది. తెరిచిన తలుపులోంచి మంచం కనబడుతోంది.

ముత్యాలక్క తనెవరో చెప్పింది. గేటు గురించి రాసిన కాగితం ఈయన రాసింది కాదనీ, తనే రాశాననీ, ఫారాలు తక్కువైతే ఇంట్లో కూర్చుని సృష్టించాననీ చెప్పింది. బస్సు దొరక్క ఆలస్యమైందన్నంత పొడిగా వచ్చాయి మాటలు. ఏడవకూడదని దారి పొడుగునా ఒట్టు పెట్టుకుని వచ్చింది. ఏడిస్తే వాళ్లు తనని ఓదార్చాల్సి వస్తుంది.

టైలరమ్మ ఒక్క క్షణం చూసి, కాంపౌండరు వైపు తిరిగింది. "ఎంత బాగా నేర్పి తెచ్చావన్నయ్యా! చేసింది చాలక, నీ పాపం మొయ్యడానికి ఇంకో ఆడమనిషిని పట్టుకొచ్చావా?"

కాంపౌండరు ఒక అడుగు వెనక్కి వేశాడు.

నమ్మరని ముత్యాలక్క అనుకోలేదు. "ఒక కాగితం ఇవ్వండమ్మా" అంది. టైలరమ్మ కదల్లేదు. లోపలినుంచి ముద్దముద్దగా ఒక గొంతు, "ఇవ్వు" అంది. డ్రైవరు మొహం ఇటు తిప్పాడు.

టైలరమ్మ కొలతలు రాసుకునే పుస్తకం, పెన్సిలు తెచ్చి అరుగు మీద పడేసింది. ముత్యాలక్క అరుగంచున కూర్చుని, పెన్సిలు ఎడం చేత్తో పట్టుకుని, ఆ రెండు వాక్యాలూ రాసింది. చూసి రాసే పని లేదు, ఏడాదిగా కళ్ల ముందు ఆడుతున్నవే. ఒక్కొక్క అక్షరం ఎడమకి వాలుతూ పడింది. ఆడపిల్లల్ని. పీడ. రాయడం అయ్యాక పుస్తకం తిప్పి ముందుకు జరిపింది.

టైలరమ్మ ఆ కాగితం చాలాసేపు చూసింది. తర్వాత లోపలికి తీసుకెళ్లి భర్తకి చూపించింది. తిరిగి వచ్చి గుమ్మంలో నిలబడింది. కాంపౌండరు వైపు చూడలేకపోయింది. ముత్యాలక్కనే అడిగింది.

"మా సందుకి ఎందుకు రాలేదు? పదిళ్లే కదా. అడిగితే చెప్పేవాళ్లం."

అబద్ధం చెప్పడానికి పది దారులున్నాయి. "ఎండగా ఉందనమ్మా" అంది ముత్యాలక్క.

"ఎండగా ఉందని" అంది టైలరమ్మ. అరవలేదు, శపించలేదు. టేపు మెడలోంచి తీసి చేతికి చుట్టుకుంటూ, "ఇక వెళ్లు" అంది.

కాంపౌండరు మెట్లదాకా వెంట వచ్చాడు. "నువ్వు రాసింది రెండు ముక్కలే తల్లీ" అన్నాడు. "నమ్మింది మావాళ్లు. దానికి నువ్వేం చేస్తావు?" కోప్పడితే బాగుండునని ముత్యాలక్కకి అనిపించింది. ఆ మెత్తని మాట మోసుకుని నలభై మెట్లూ దిగడం ఎక్కినదానికన్నా కష్టమైంది.

సోమవారం పొద్దున ఆఫీసరుగారిని దాటి నేరుగా కమిషనరు ఆఫీసులో లిఖితపూర్వకంగా ఇచ్చింది. నాలుగు పేజీలు, కుడి చేత్తో. ఆఫీసరుగారి పేరు అందులో రాయలేదు. విచారణలో ఆయన మాత్రం, "నన్ను మోసం చేసింది సార్, నేను పూర్తిగా నమ్మాను" అన్నారు. ఆమె ఎదురు చెప్పలేదు. తోటివాళ్లు కొందరు ఆమెతో కలిసి టిఫిను తినడం మానేశారు. ఒకతను చాటుగా వచ్చి, "అక్కా, అందరం చేసేదే కదా, నువ్వొక్కదానివే ఎందుకు బయటపడ్డావు? ఇప్పుడు మా ఫైళ్లు కూడా తిరగేస్తున్నారు" అని వాపోయాడు. మూడు నెలలు సస్పెండ్ చేసి, తర్వాత కింది అంతస్తులో పాత రికార్డుల గదికి మార్చారు. కిటికీ లేని గది.

భర్త వారం రోజులు మాట్లాడలేదు. ఎనిమిదో రోజున, "నేను ఊళ్లోవాళ్ల కథలు తెచ్చి చెబుతున్నాననుకున్నాను. మన ఇంటి కథే అని తెలీదు" అన్నాడు. మళ్లీ ఎన్నడూ ఆ ఊసెత్తలేదు. కానీ భోజనాల దగ్గర కబుర్లు చెప్పడం కూడా తగ్గించాడు. అది ఆమెకు అన్నిటికన్నా గుచ్చుకుంది.

ఫైలు మళ్లీ తెరిచారు. ఈసారి ఇద్దరు కొత్త ఉద్యోగులు ఇంటింటికీ వెళ్లి, ఇంటివాళ్ల చేతే రాయించి, సంతకాలు తీసుకున్నారు. ఉత్తరం సందులో పదిళ్లకి పదిళ్లూ గేటు కావాలన్నాయి. ఎనిమిది నెలలకి రేకు ఊడదీసి, మనిషి పట్టేంత చిన్న గేటు పెట్టారు. రాతి గోడ మళ్లీ రాలేదు, అక్కడ నడక దారి పడిపోయింది. దాని అంచున ఇనప కమ్మీ ఒకటి బిగించారు.

అప్పటికి డ్రైవరు కాలు బాగా బిగుసుకుపోయింది. కాంపౌండరు మళ్లీ వచ్చి ఆయన్ని దింపడం మొదలుపెట్టాడని, కమ్మీ పట్టుకుని పది పన్నెండడుగులు వేస్తున్నాడని భర్త చెప్పాడు. "అంతకన్నా ముందుకి రాదంటున్నారు డాక్టర్లు" అని కూడా చెప్పాడు. టైలరమ్మ కాంపౌండరుకి క్షమాపణ చెప్పడానికి మూడుసార్లు వెళ్లిందట. ఆయన పర్లేదన్నాడట. కానీ ఆ ఇంట్లో మంచినీళ్లు మాత్రం ఇప్పటికీ ముట్టడట. అడిగితే దాహం లేదంటాడట.

ముత్యాలక్క ఆ పార్కుకి వెళ్లడం లేదు. రికార్డుల గదిలో చెదలు తినకుండా పాత కాగితాలకి మందు చల్లిస్తుంది, కట్టలు కట్టి చీటీలు అంటిస్తుంది. ఒక్కోసారి పాత అభిప్రాయాల ఫారాలు చేతికొస్తాయి. ఎప్పుడో, ఏ వీధిదీపం గురించో, ఏ కాలువ గురించో జనం రాసినవి. రాతలు వేరువేరుగా ఉన్నా సరే, ఇవి నిజంగా ఎందరు రాసినవో అని చూస్తూ ఉండిపోతుంది.

మొన్న బస్టాపులో టైలరమ్మ కనిపించింది. ఒళ్లో కుట్టిన బట్టల మూట, పక్కన ఇంకో మూట. బెంచీ మీద మిగతా చోటంతా నిండిపోయి ఉంది. ముత్యాలక్క దూరంగా జరిగి ఎండలో నిలబడింది. కాసేపటికి టైలరమ్మ తల తిప్పకుండానే పక్కనున్న మూట తీసి ఒళ్లో పెట్టుకుంది. ఆ ఖాళీ తన కోసమేనా కాదా అని ముత్యాలక్క చాలాసేపు తేల్చుకోలేకపోయింది. వెళ్లి అంచున కూర్చుంది. ఇద్దరూ రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నారు. టైలరమ్మ బస్సు ముందు వచ్చింది. రెండు మూటలూ మోయలేక ఆవిడ తడబడుతుంటే ముత్యాలక్క లేచి ఒకటి అందించబోయింది.

"వద్దు, నేను తీసుకుంటాను" అంది టైలరమ్మ. రెండూ తనే ఎత్తుకుని బస్సెక్కింది.